లేని కార్డును మార్చేదెట్లా?

ఇంజినీరింగ్‌లో చేరే ఏడాది ఇంట్లోవాళ్లు ల్యాప్‌టాప్ కొనిస్తారు. షాపులో అడిగేవి మూడే మూడు: ప్రాసెసర్ ఐ5నా ఐ7నా, ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాదు. రెండో ఏడాదిలో, హాస్టల్లో పక్క రూమువాడి స్క్రీన్ మీద గేమ్ చూశాక గుర్తొస్తుంది. అప్పుడు తిరుపతిలో ఏదో ఒక సర్వీస్ షాపు కౌంటర్ ముందు ఈ మాటలు నడుస్తాయి.

"అన్నా, దీంట్లో గ్రాఫిక్స్ కార్డు వేయించాలంటే ఎంతవుతుంది?"

"ఇది ల్యాప్‌టాప్ తమ్ముడూ. అదంతా కుదర్దు."

"మొన్న మా ఫ్రెండుకు ర్యామ్ మార్చినారు కదన్నా?"

తికమకంతా ఆ చివరి ప్రశ్నలోనే ఉంది. ర్యామ్ మారుతుంది, ఎస్‌ఎస్‌డీ మారుతుంది, బ్యాటరీ, కీబోర్డు, చివరికి వైఫై కార్డు కూడా మారుతుంది. గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం ఏమొచ్చింది? కుదరదన్న జవాబు దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లకూ నిజమే. కానీ ఎందుకు కుదరదో చెప్పకుండా పంపిస్తే కుర్రవాడు ఇంకో షాపుకు పోతాడు. అక్కడా కాకుంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దిగుతాడు. వెతికేవాడికి "వేస్తాం" అనేవాడు ఎక్కడో ఒకచోట దొరక్క మానడు. అసలు ఇబ్బంది అక్కడ మొదలవుతుంది.

డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు నిజంగానే కార్డు. క్యాబినెట్ తలుపు తీస్తే రెండు మూడు ఫ్యాన్లతో ఇటుకంత లావున కనిపిస్తుంది. మదర్‌బోర్డు మీద పొడవాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఒకటి ఉంటుంది. కార్డును అందులో గుచ్చి, స్క్రూ బిగించి, కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా నుంచి ఒక వైరు తగిలిస్తే పనైపోతుంది. ఎవరి బోర్డు మీదైనా ఎవరి కార్డైనా కూర్చుంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ స్లాట్ ఆకారం మారలేదు. మనకు "గ్రాఫిక్స్ కార్డు" అనే మాట అలవాటైంది అక్కడే. ఆ మాటను తెచ్చి ల్యాప్‌టాప్‌కు అంటించేశాం.

ల్యాప్‌టాప్ లోపల సంగతి వేరు. కాలేజీ పిల్లల చేతిలో ఎక్కువగా కనిపించే పల్చటి ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్‌కు విడిగా చిప్పే ఉండదు. ఇంటెల్ యూహెచ్‌డీ, ఐరిస్ ఎక్స్ఈ, ఏఎండీ రేడియాన్ అని పేర్లు కనిపిస్తాయి గానీ, అవన్నీ ప్రాసెసర్ లోపలే ఒక మూలన ఉండే భాగాలు. వాటికి సొంత మెమరీ కూడా లేదు, సిస్టమ్ ర్యామ్‌లోంచే వాడుకుంటాయి. అక్కడ మార్చడానికి వస్తువంటూ ఏదీ లేదు.

రెండో రకం గేమింగ్ ల్యాప్‌టాప్‌లు. వీటిలో విడి చిప్ ఉంటుంది. అడుగు మూత విప్పితే అటొకటి ఇటొకటి ఫ్యాన్లు, వాటి మధ్య నొక్కి చదును చేసిన రాగి గొట్టాలు కనిపిస్తాయి. ఆ రాగి చట్రాన్ని ఎత్తి, వేడిని దాటించడానికి మధ్యలో పూసి ఎండిపోయిన పేస్ట్ తుడిస్తే అద్దంలా మెరిసే గ్రాఫిక్స్ చిప్ బయటపడుతుంది. ఎన్‌విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 4060 చిప్ ఉన్న బోర్డైతే దాని చుట్టూ ఒక్కోటి 2 జీబీ చొప్పున నాలుగు మెమరీ చిప్‌లు, ఆ పక్కనే కరెంటు సరిచేసే కాయిళ్ల వరుస. స్లాట్ ఎక్కడా లేదు. చిప్ అడుగున ఆవగింజ కన్నా చిన్న సోల్డర్ గుండ్లు వందల కొద్దీ ఉంటాయి. బోర్డుకు దాన్ని పట్టి ఉంచేవి అవే. దీన్నే బీజీఏ అంటారు. సీసం లేని ఆ సోల్డర్ కరగాలంటే వేడి 217 డిగ్రీలు దాటాలి. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని చేసే పని కాదు.

అయితే చిప్ లెవెల్ షాపుల్లో బీజీఏ మెషిన్ ఉంది కదా, పాత చిప్ లేపి కొత్తది అతికించొచ్చు కదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ మెషిన్ మీద చేసేది రీబాలింగ్. చిప్‌ను లేపి, కింద కొత్త గుండ్లు పెట్టి తిరిగి కూర్చోబెట్టడం, లేదా చెడిపోయిన చిప్ తీసి అదే నంబరు చిప్ పెట్టడం. అంటే అది రిపేరు. పెద్ద చిప్ పెట్టాలంటే లెక్కంతా మారిపోతుంది. అడుగున గుండ్ల అమరిక సరిపోవాలి, చుట్టూ మెమరీ చిప్‌లు సరిపోవాలి, దాన్ని నడిపించే వీడియో బయోస్ అనే చిన్న ప్రోగ్రాం ఆ బోర్డుకు తగినది దొరకాలి, కరెంటు ఇచ్చే కాయిళ్లు ఆ భారం మోయాలి. కొన్ని చిప్‌ల అడుగు ఒకేలా ఉండటంతో సరదాకు చేసి చూపించినవాళ్లు ఉన్నారు. డబ్బులిచ్చి చేయించుకునే పని మాత్రం కాదది.

ఇవన్నీ కుదిరినా వేడి కుదరదు. ల్యాప్‌టాప్‌కు వచ్చే ఆర్‌టీఎక్స్ 4060 ఒక్కటే, తయారీదారు పెట్టిన హద్దును బట్టి, 35 నుంచి 115 వాట్ల దాకా తాగుతుంది. మామూలు పల్చటి ల్యాప్‌టాప్‌కు ఇచ్చే చార్జర్ 45 వాట్లో 65 వాట్లో. ప్రాసెసర్, స్క్రీన్, బ్యాటరీ చార్జింగ్ అన్నీ అందులోంచే సర్దుకోవాలి. దాని ఫ్యాన్, దాని రాగి గొట్టం కూడా అంత వేడికే కొలిచి చేసినవి. సోలెడు గిన్నెలో పడి బియ్యం ఉడకవు. అందుకే ల్యాప్‌టాప్‌లో ముందు చిప్‌ను ఎంచుకుని, దాని వేడికి సరిపడా బాడీ గీస్తారు. చిప్ మారిస్తే ఫ్యాన్, గొట్టం, చార్జర్, ఆన్ చేయగానే ల్యాప్‌టాప్‌ను లేపే బయోస్ ప్రోగ్రాం అన్నీ మారాలి. అన్నీ మార్చాక మిగిలేది పాత స్క్రీన్, పాత కీబోర్డు.

"వేస్తాం" అనే షాపు నిజాయితీగా చేయగలిగేది ఒకటే ఉంది, మదర్‌బోర్డు మొత్తం మార్చడం. కొన్ని కంపెనీలు ఒకే బాడీలో తక్కువ చిప్‌తో ఒక మోడల్, ఎక్కువ చిప్‌తో ఇంకో మోడల్ అమ్ముతాయి. ఆ పెద్ద మోడల్ బోర్డు, దాని రాగి చట్రం (హీట్‌సింక్), దాని చార్జర్ మూడూ దొరికితే మార్చొచ్చు. కొత్త బోర్డు ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. పాతదైతే దాని గతమేంటో ఎవరికీ తెలియదు, గ్యారంటీ షాపు గడప దాటదు. అంత పెట్టేకంటే చేతిలో ఉన్నది అమ్మేసి, పైన కొంత వేసి, ఆ పెద్ద మోడల్‌నే సెకండ్ హ్యాండ్‌లో కొనడం మేలు.

ఇంకో చిన్న మాయ ఉంది. బయోస్‌లోకి వెళ్లి గ్రాఫిక్స్‌కు కేటాయించిన మెమరీని 128 ఎంబీ నుంచి 512కో 1024కో పెంచి, "గ్రాఫిక్స్ పెంచినాం" అనడం. టాస్క్ మేనేజర్‌లో అంకె పెద్దదవుతుంది, అంతే. ఉన్న ర్యామ్‌నే ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చడమది. కొంత మెమరీ ఉంటేనే తెరుచుకుంటానని మొండికేసే కొన్ని పాత గేములకు మాత్రం పనికొస్తుంది.

మారే కార్డులు ల్యాప్‌టాప్‌లలో ఎప్పుడూ లేవా అంటే, ఉండేవి. 2000ల మధ్యలో ఎన్‌విడియా ముందుండి ఎంఎక్స్ఎం అనే పద్ధతి తెచ్చింది. పోస్టుకార్డు కన్నా చిన్న బోర్డు మీద గ్రాఫిక్స్ చిప్, మెమరీ ఉండి, ర్యామ్‌లా స్లాట్‌లోకి జారేది. క్లెవో గేమింగ్ ల్యాప్‌టాప్‌లు, పాత ఏలియన్‌వేర్‌లు, డెల్ ప్రెసిషన్ ఎం6800, హెచ్‌పీ జెడ్‌బుక్ 17 లాంటి బరువైన వర్క్‌స్టేషన్‌లు దాంతో వచ్చాయి. ఆఫీసులు వదిలేసిన ఇలాంటి యంత్రాలు రీఫర్బిష్డ్ పేరుతో ఇప్పటికీ చవగ్గా దొరుకుతుంటాయి. కార్డు మారుతుందని మురిసిపోయి కొనేవాళ్లూ ఉన్నారు. కానీ స్లాట్ ఒకటే అయినా స్క్రూ రంధ్రాలు ఒకచోట ఉండవు, హీట్‌సింక్ ఆకారం కలవదు, కంపెనీ బయోస్ తనకు తెలియని కార్డును చూసి బూట్ అవ్వనంటుంది. పైగా ఆ కాలం గేమింగ్ కార్డులు చాలావరకు జీటీఎక్స్ 900, 10 సిరీస్‌లవి. వాటికి కొత్త గేముల కోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది, ఇక మీద భద్రతా అప్‌డేట్లే.

ల్యాప్‌టాప్ పల్చగా కావాలని జనం అడిగారు, కంపెనీలు స్లాట్ తీసేశాయి. కార్డు మారకపోతే ల్యాప్‌టాప్ మారుతుంది కాబట్టి వాళ్లకు నష్టమేమీ లేదు. 2019లో డెల్ వాళ్ల ఏలియన్‌వేర్ ఏరియా-51ఎం మళ్లీ మారే గ్రాఫిక్స్ కార్డుతో వచ్చింది, కానీ ఆ ఆకారం డెల్ సొంతం. ఆ తర్వాతి తరం ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ కార్డు దానికి రానేలేదు. నిజంగా మాట నిలబెట్టింది ఫ్రేమ్‌వర్క్ కంపెనీ ల్యాప్‌టాప్ ఫ్రేమ్‌వర్క్ 16 ఒక్కటే. 2024లో రేడియాన్ ఆర్ఎక్స్ 7700ఎస్ మాడ్యూల్‌తో మొదలై, 2025లో అదే బాడీకి ఆర్‌టీఎక్స్ 5070 మాడ్యూల్ తెచ్చింది. వెనక భాగం విప్పి కొత్తది బిగించడమే. అందులోనూ ఫ్యాన్‌లు మాడ్యూల్‌తో పాటే వస్తాయి, కొత్త మాడ్యూల్‌తో 240 వాట్ల చార్జర్ కూడా తెచ్చారు. వేడి లెక్క తేలకుండా కార్డు మారదని ఆ కంపెనీకీ తెలుసు.

లోపల కుదరకపోతే బయట పెట్టొచ్చు. దాన్నే ఈజీపీయూ అంటారు. డాక్ అనే ఒక పెట్టెలో డెస్క్‌టాప్ కార్డు, దానికి సొంత ఎస్‌ఎంపీఎస్, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు ఒక కేబుల్. దానికి ల్యాప్‌టాప్‌లో డేటా వేగంగా పంపే థండర్‌బోల్ట్ 3, 4 లేదా యూఎస్‌బీ4 పోర్టు ఉండాలి. టైప్-సి ఆకారం చూసి మోసపోకూడదు. చార్జింగ్‌కు, పెన్‌డ్రైవ్‌కు పనికొచ్చే టైప్-సి పోర్టులన్నీ థండర్‌బోల్ట్ కావు, పోర్టు పక్కన మెరుపు గుర్తు ఉందో, లేదా మోడల్ వివరాల్లో యూఎస్‌బీ4 అని ఉందో చూడాలి. అది ఉన్నా కేబుల్ సన్నటి దారే. డెస్క్‌టాప్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 పూర్తి స్లాట్ సెకనుకు దాదాపు 32 జీబీ పంపితే, థండర్‌బోల్ట్ 4లో కార్డుకు దక్కేది కాగితం మీదే 4 జీబీ. నాలుగు దిక్కుల నుంచి రోడ్ల మీద జోరుగా వచ్చిన బండ్లన్నీ అలిపిరి చెకింగ్ దగ్గర బారులు తీరినట్టు ఉంటుంది. కార్డు ఎంత పెద్దదైతే ఆ వరుస అంత ఎక్కువ కొరుకుతుంది. తయారైన బొమ్మను అదే కేబుల్ మీద మళ్లీ ల్యాప్‌టాప్ స్క్రీన్‌కే తెప్పించుకుంటే ఇంకొంత పోతుంది, అందుకే కార్డుకు నేరుగా మానిటర్ తగిలించాలి. థండర్‌బోల్ట్ లేనివాళ్లు ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ నుంచి అడాప్టర్ కేబుల్ బయటికి లాగి కూడా నడుపుతారు. వేగం బాగానే వస్తుంది, కానీ అడుగు మూత బిగించడం కుదరదు, వైరు కదిలితే సిస్టమ్ ఆగిపోతుంది.

ఇప్పుడు జాబితా చూస్తే కార్డు, ఎస్‌ఎంపీఎస్, డాక్, కేబుల్, మానిటర్ అయ్యాయి. ఇంకో ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఒక డబ్బా చేరిస్తే డెస్క్‌టాప్ తయారైనట్టే. ఆఫీసులో ల్యాప్‌టాప్ తప్పనిసరిగా వాడుతూ ఇంట్లో ఒక మూల గేమింగ్ పెట్టుకునేవాళ్లకు ఈజీపీయూలో అర్థముంది. విద్యార్థికి లేదు. చిత్తూరులోనో చంద్రగిరిలోనో ఇంటి దగ్గరుండి చదివేవాడికి సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ లాభం, హాస్టల్ మంచం పక్కన చోటులేనివాడికి గేమింగ్ ల్యాప్‌టాప్ తప్ప దారి లేదు.

ఆ గేమింగ్ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు చిప్ పేరు ఒక్కటే చూస్తే మళ్లీ మోసపోయినట్టే. ఆర్‌టీఎక్స్ 4060 అని రెండింటి మీదా స్టిక్కర్ ఉన్నా, 60 వాట్లకు కట్టేసినది, 115 వాట్ల దాకా వదిలినది ఒకలా ఆడవు. ఈ వాట్లనే టీజీపీ అంటారు. బాక్స్ మీద చాలాసార్లు ఉండదు. డిస్‌ప్లేకు పెట్టిన పీస్‌లో ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఒక వరుస కనిపిస్తుంది. షాపువాళ్లు కొంచెం విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. పేర్ల గొడవ పైమెట్టులో ఇంకా ఘోరం. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090 దగ్గర 24 జీబీ మెమరీ, 450 వాట్ల ఆకలి. అదే పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చేది 16 జీబీది, లోపలి చిప్ కూడా డెస్క్‌టాప్ 4080 తరగతిది. మెమరీ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. 4 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3050 కొన్నాక, అది చాలదని తెలిసినా చేసేదేం లేదు, అదీ బోర్డుకు అతికిందే.

ఇక ఉన్నదాంట్లోంచే పిండుకోవడం. ఇక్కడ మన ఊరి వాతావరణం నేరుగా లెక్కలోకి వస్తుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గది గాలినే చిప్ మీదకు తోస్తుంది. జనవరిలో 25 డిగ్రీల గదిలో 85 దగ్గర నడిచిన చిప్, మే నెలలో 40 డిగ్రీల గదిలో అదే వేగంతో నడవాలంటే ఇంచుమించు 100కు చేరాలి. ఆ దగ్గర్లోనే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తుంది. చలికాలంలో బాగా ఆడిన గేమ్ ఎండాకాలంలో ఎందుకు ఆగి ఆగి పోతోందంటే చాలాసార్లు కారణం ఇదే, వైరస్ కాదు. దూది పరుపు మీద పెట్టి ఆడితే అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోయి అది ఇంకా ముందే జరుగుతుంది. రెండేళ్లు వాడిన ల్యాప్‌టాప్ ఫ్యాన్ వెనక దుమ్ము పలక కట్టి ఉంటుంది. అది తీయించి, థర్మల్ పేస్ట్ మార్పించి, వెనక రెండు పుస్తకాలు పెట్టి ఎత్తు చేస్తే పోయిన వేగం చాలావరకు తిరిగొస్తుంది.

రిజల్యూషన్ తగ్గించడం అందరికీ తెలిసిందే గానీ, ఎంత తేడానో లెక్కవేసి చూసేవాళ్లు తక్కువ. 1920 బై 1080లో చిప్ ఒక్కో ఫ్రేముకు, అంటే తెర మీది ఒక్కో బొమ్మకు, 20,73,600 చుక్కలు గీయాలి. 1280 బై 720లో 9,21,600. సగానికి తక్కువ పని. వాలరెంట్ లాంటి గేములు విడి చిప్ లేకుండానే ఆడతాయి, వాటిని అలాగే తయారుచేశారు. సైబర్‌పంక్ 2077 లాంటిదానికి కనీసమే 6 జీబీ జీటీఎక్స్ 1060 అడుగుతారు. అక్కడ ఏ చిట్కా పనిచేయదు, ఆశ వదులుకోవడమే సుఖం.

విడి చిప్ లేని ల్యాప్‌టాప్‌కు నిజంగా ఫలితమిచ్చే ఖర్చు రెండో ర్యామ్ స్టిక్. కారణం ముందే చెప్పుకున్నాం, ఆ గ్రాఫిక్స్ సిస్టమ్ ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 3200 రకం ర్యామ్ స్టిక్ ఒకటే ఉంటే సెకనుకు 25.6 జీబీ డేటా పట్టే దారి, రెండుంటే 51.2. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060కు తన సొంత మెమరీతో 256 జీబీ దారి ఉందని గుర్తుంచుకుంటే, ఈ లోపలి గ్రాఫిక్స్ ఎంత ఇరుకులో బతుకుతుందో తెలుస్తుంది. ఆ దారి రెండింతలైతే సెకనుకు వచ్చే ఫ్రేములు గేమును బట్టి మూడో వంతు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువే పెరుగుతాయి. అందుకే 16 జీబీ స్టిక్ ఒకటి కన్నా 8 జీబీవి రెండు మేలు. 2025 చివర్లో ర్యామ్ ధరలు మండిపోవడంతో ఇదివరకటంత చవక కాదు గానీ, బోర్డు మార్పు, ఈజీపీయూ, కొత్త ల్యాప్‌టాప్ లాంటి దారుల కన్నా ఇప్పటికీ చవకే.

షాపుకు పోయే ముందు ఒకటి చూసుకోవాలి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ. స్లాట్స్ యూజ్డ్ అని, కింద ఫామ్ ఫ్యాక్టర్ అని ఉంటాయి. 1 ఆఫ్ 2, ఎస్ఓడిమ్ అని కనిపిస్తే ఇంకో స్టిక్ పడుతుంది. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ఆ ర్యామ్ కూడా బోర్డుకు అతికించేసిందే. అలాంటప్పుడు ఖాళీ స్లాట్ వేరేగా ఉందో లేదో మోడల్ నంబరుతో కనుక్కోవాలి.

కౌంటర్ దగ్గర తమాషా కూడా ఇక్కడే జరుగుతుంది. ఇంటెల్ 11వ తరం ఐ5, ఐ7 ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే గ్రాఫిక్స్ పేరు ఉత్త యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తుంది. డ్యూయల్ చానల్, అంటే రెండు దారుల మెమరీ ఉంటేనే ఐరిస్ ఎక్స్ఈ అనే పేరుకు అర్హత వస్తుంది. షాపతను రెండో స్టిక్ నొక్కి, మూత బిగించి, ఆన్ చేసి టాస్క్ మేనేజర్ చూపిస్తాడు. నిన్నటిదాకా యూహెచ్‌డీ అని ఉన్నచోట ఐరిస్ ఎక్స్ఈ అని ఉంటుంది. కుర్రవాడు దాన్నే రెండుసార్లు చదివి తలెత్తుతాడు.

"అన్నా, కార్డు కూడా మార్చేసినారా?"